కృష్ణా డెల్టాలో అన్నం, కండ, కాలేయం

1835లో మద్రాసులో బెరిబెరి జబ్బు మీద ఒక వైద్య గ్రంథం అచ్చయింది. రాసినవాడు కుంపిణీ కొలువులోని జాన్ మాల్కంసన్ అనే డాక్టరు. ఉత్తర సర్కారుల తీరంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఈ జబ్బు సిపాయిలను మంచాన పడేస్తోందని, లోపలి సీమల్లోకి వెళ్తే పెద్దగా కనిపించదని ఆనాటి వైద్యులు గమనించారు. మచిలీపట్నం, అంటే బందరు, ఆ తీరంలోదే. అక్కడ కోట ఉంది, పటాలం ఉంది. ఈ జబ్బు కాళ్లతో మొదలవుతుంది. ముందు పాదాలు మొద్దుబారతాయి. పిక్క పట్టుకుని నొక్కితే ప్రాణం పోయినట్టుంటుంది. పోనుపోను పిక్కల కండ జారిపోయి, అడుగు తీసి అడుగు వేస్తే పాదం వేలాడుతుంది. కొందరికి ఒళ్లంతా నీరు చేరి, గుండె నీరసించి ఉన్నట్టుండి ప్రాణం పోతుంది.

ఇప్పుడు బందరులోనో గుడివాడలోనో అవనిగడ్డలోనో షుగరు పరీక్షలకు వచ్చిన యాభై ఏళ్ల మనిషిని చూడండి. పొట్ట ముందుకు వచ్చి ఉంటుంది. పంచె కాస్త పైకి లాగితే తొడలు సన్నబడి, పిక్కలు కర్రల్లా కనిపిస్తాయి. కుర్చీలోంచి లేవాలంటే చేతుల ఊత కావాలి. కడుపు స్కానింగు రిపోర్టులో ‘ఫ్యాటీ లివర్’ అని ఒక ముక్క ఉంటుంది. “ఈ రోజుల్లో అది అందరికీ ఉండేదేగా” అని ఆ కాగితాన్ని ఇంటిల్లిపాదీ పక్కన పెట్టేస్తారు.

బెరిబెరి, ఈ జబ్బు ఒకటి కావు. మొదటిది విటమిన్ లోపం. రెండోది మధుమేహంతో ముడిపడ్డ కాలేయపు కొవ్వు, కండ నష్టం. అయితే రెండూ ఒకే నేల చరిత్రలోంచి వచ్చాయి. అన్నం ఎలా తయారైంది, ఎవరు తిన్నారు, ఎవరు పని చేశారు అన్న మూడు ప్రశ్నలు అడిగితే ఈ రెండు జబ్బుల కథా బయటపడుతుంది. కడుపు నిండా తిండి, ఒళ్లు వంచే పని ఒకే మనిషికి కలిసొచ్చిన కాలం కృష్ణా దిగువ డెల్టాలో చాలా తక్కువ. ఒకప్పుడు పని ఉన్నవాడికి తిండి లేదు. ఇప్పుడు తిండి ఉంది, పని పోయింది.

ఆనకట్టకు ముందు ఇది కరువుల సీమ. 1832-33 నాటి నందన కరువు కృష్ణ ఒడ్డు పల్లెలను ఊడ్చిపెట్టింది. గుంటూరు సీమలో శవాలు ఎత్తే దిక్కులేదని పెద్దలు తరతరాలుగా చెప్పుకున్నారు. పక్కనే నది నిండుగా పారి సముద్రంలో కలుస్తుంటే ఒడ్డున మనుషులు ఆకలితో చచ్చిపోయారు. ఆర్థర్ కాటన్ వాదనల వల్ల, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1852లో మొదలైన బెజవాడ ఆనకట్ట 1855కి పూర్తయింది. బందరు కాలువ, ఏలూరు కాలువ, వాటి పిల్ల కాలువలు మెట్ట చేలను మాగాణి చేశాయి. పులిగడ్డ అక్విడక్టు కట్టాక కృష్ణ పాయ మీదుగా దివిసీమకూ కాలువ నీరు దాటింది. ఈనాడు డెల్టా ఆయకట్టు రెండు ఒడ్డులా కలిపి 13 లక్షల ఎకరాలు.

నీరు వచ్చింది, వరి వచ్చింది. జొన్న, రాగి వెనకబడ్డాయి. సార్వాకు వరి, తరువాత దాళ్వాకూ వరి. ఆ వరి వెనక ఉన్న ఒంటి పని ఎంతటిదో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు.

ఆకుమడి పోసిన నెల రోజులకు ఆకుతీత. మోకాలి లోతు బురదలో నడుం వంచి, కట్ట కట్టి, తలమీదో కావిడిలోనో మోసి చేలో విసరాలి. ఊడ్పులప్పుడు ఆడవాళ్లు వరసకట్టి వెనక్కి నడుస్తూ పొద్దున్నుంచి పొద్దువాలేదాకా వంగినవాళ్లు వంగినట్టే ఉంటారు. బురదలోంచి కాలు పీకి మళ్లీ దింపడమే తొడలకు పెద్ద కసరత్తు. కోతలకు కొడవలి పట్టుకుని గొంతుకూర్చుని కదలాలి. పనలు ఎండాక కట్టలు కట్టి మోసి కుప్ప వెయ్యాలి. కుప్ప నూర్పులప్పుడు కళ్లంలో పశువులను తిప్పి, గడ్డి విదిల్చి, చేటలతో తూర్పారబట్టి, బస్తాలకెత్తి బండిలో వెయ్యాలి. బండి దిగిన ధాన్యం పురిలోకి చేరాక ఇంట్లో ఆడవాళ్ల వంతు మొదలయ్యేది. రోటి పక్కన ఇద్దరు నిలబడి రోకళ్లు ఒకరి తరువాత ఒకరు వేస్తారు. రోకలి ఎత్తేటప్పుడు భుజం, దించేటప్పుడు నడుము, నిలదొక్కుకోవడానికి పిక్కలు. రేపటి అన్నానికి ఇవాళ ఒళ్లు వంచాలి.

దీన్ని బంగారు కాలమని పొగడడం తప్పు. ఆ పనంతా చేసిన పాలేరుకు, కూలి మనిషికి అందింది గంజి, పచ్చడి మెతుకులు. ఊడ్పులు వేస్తూ నెలలు నిండిన ఆడవాళ్లు ఎందరో. వాళ్లకు కండ ఉండేది, కానీ దాని మీద కప్పడానికి ఏమీ ఉండేది కాదు. నలభై దాటేసరికి నడుములు విరిగేవి.

ఇరవయ్యో శతాబ్దపు మొదటి దశాబ్దాల్లో రైసు మిల్లులు వచ్చాయి. 1908లో బెజవాడ నుంచి గుడివాడ మీదుగా బందరుకు రైలు నడిచింది. గుడివాడ ధాన్యం బజారుగా, మిల్లుల ఊరుగా పెరిగింది. రోకలి పోటు తప్పినందుకు ఆడవాళ్లు సంతోషించారు, ఆ సంతోషం న్యాయమైందే. కానీ మిల్లు రోకలికన్నా గట్టిగా గింజను ఒలిచింది. దంపుడు బియ్యానికి అంటిపెట్టుకుని ఉండే పొర తవుడై పశువుల కుడితిలోకి పోయింది. తెల్లని బియ్యం మర్యాదగా మిగిలింది. పోయిన తవుడులోనే థయమిన్ ఉంది. ఒంట్లోకి వెళ్లిన పిండిపదార్థాన్ని నరాలు, కండరాలు శక్తిగా మార్చుకోవాలంటే థయమిన్ ఉండాలి.

ఈ సంగతి ప్రపంచానికి తెలియడానికి చాలా కాలం పట్టింది. 1890లలో జావాలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్ పాలిషు బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం, తవుడు కలిపి పెడితే లేచి తిరగడం చూశాడు. ఆ పనికి 1929లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. మన దగ్గర కూనూరు ప్రయోగశాలలో వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి పరిశోధన చేపట్టాడు. దేశంలో ఇంతమంది బియ్యం తింటుంటే ఈ జబ్బు ప్రధానంగా సర్కారు తీరాన్నే ఎందుకు పట్టిందన్నది ఆయన ప్రశ్న. తమిళ, మలయాళ సీమల్లో, వంగదేశంలో ధాన్యాన్ని ఉడకబెట్టి ఎండబెట్టి దంచిన ఉప్పుడు బియ్యం తింటారు. అలా ఉడికినప్పుడు పొరలోని విటమిన్ కొంత గింజ లోపలికి ఇంకుతుంది, తరువాత ఎంత ఒలిచినా మిగులుతుంది. కోస్తా తెలుగువాళ్లు తినేది పచ్చి ధాన్యం ఆడించిన బియ్యం. దాన్ని మూడు నీళ్లు కడిగి, ఎసట్లో పోసి, గంజి వార్చేస్తే మిగిలిన కాస్తా పోతుంది. గంజి పారబొయ్యకుండా తాగినవాళ్లు, తరవాణి కుండ పెట్టుకుని చద్దన్నం తిన్నవాళ్లు తమకు తెలియకుండానే కొంత కాపాడుకున్నారు.

ఈ కథలో తెలుగు నేల మీద పుట్టిన మనిషి ఒకడున్నాడు. 1936లో థయమిన్‌ను ప్రయోగశాలలో మొదటిసారి తయారు చేసిన అమెరికన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ విలియమ్స్ నెల్లూరులో పుట్టాడు. తల్లిదండ్రులు బాప్టిస్టు మిషనరీలు. తీరం తీరమంతా కాళ్లు పడిపోయిన జబ్బుకు మందు ఆ తీరంలోనే పుట్టినవాడి చేతి మీదుగా వచ్చింది.

ఆ రోజుల్లో మధుమేహం డెల్టా పల్లెల జబ్బు కాదు. 1907లో బ్రిటిష్ వైద్య సంఘం సభలో ఉష్ణదేశాల మధుమేహం మీద పెద్ద చర్చ జరిగింది. ఇండియాలో అనుభవం ఉన్న డాక్టర్లు అది కూర్చుని తినే జమీందార్ల, ప్లీడర్ల, గుమాస్తాల జబ్బని చెప్పారు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు సుశ్రుతుడు అదే గమనించాడు. ప్రమేహంలో పుట్టుకతో వచ్చేది, తిండి తీరు వల్ల వచ్చేది అని రెండు రకాలు చెప్పాడు. చికిత్సలో మందులతోపాటు రోగి చెప్పులు, గొడుగు లేకుండా నూరు ఆమడలు నడవాలన్నాడు, నుయ్యి తవ్వాలన్నాడు. నుయ్యి తవ్వడమంటే కాళ్లు, నడుము, భుజాలు మూడింటికీ బరువు. మధుమేహానికి నడక ఒక్కటే చాలదని, బరువు పని కూడా కావాలని నేటి వైద్యం చెబుతున్న మాట ఆ సూచనలో ఉంది.

ఇక కాలేయం సంగతి. ఫ్యాటీ లివర్ అంటే బలిసినవాళ్ల జబ్బనుకుంటాం. డెబ్బై ఎనభై ఏళ్ల కిందట ఈ దేశపు ఆస్పత్రుల్లో కొవ్వు పట్టిన కాలేయం ఎక్కువగా కనిపించింది ఆకలి పిల్లల్లో. దాని పేరు క్వాషియార్కర్. తల్లి పాలు మాన్పించి, పప్పూ పాలూ లేకుండా వట్టి గంజి పోసిన పిల్లవాడికి రెక్కలు, తొడలు పుల్లలవుతాయి. కాళ్లకు నీరు పడుతుంది, జుట్టు రాగి రంగుకు తిరుగుతుంది, కాలేయం ఉబ్బి లోపల కొవ్వు పేరుకుంటుంది. కాలేయం కొవ్వును మూటగట్టి రక్తంలోకి పంపాలంటే మాంసకృత్తులు కావాలి. అవి లేనప్పుడు చేసిన కొవ్వు చేసినచోటే ఉండిపోతుంది. కూనూరు ప్రయోగశాలలో ఈ పోషకాహార లోపాల మీద పనిచేసినవారిలో సి. గోపాలన్‌తోపాటు శ్రీకాకుళంలో పుట్టి విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి ఉన్నారు. ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. కండ కరగడం, కాలేయానికి కొవ్వు పట్టడం జంటగా రావడం మన వైద్యులకు కొత్త సంగతి కాదు. వాళ్లు దాన్ని పస్తున్న ఒంట్లో చూశారు. మనం తిన్న ఒంట్లో చూస్తున్నాం.

కండ పని చేయడం వెనక ఉన్న రసాయనం చెప్పిన తొలివాళ్లలోనూ ఒక తెలుగువాడున్నాడు. కొల్లేటికి అవతలి గట్టున భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరాడు. 1927లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని చూపించాడు. కుర్చీలోంచి లేచే మొదటి క్షణంలో, మెట్టెక్కే మొదటి అడుగులో కండ ఖర్చు పెట్టే శక్తి నిల్వ అదే. ఆ తరువాత ఆయన చూపు కాలేయం మీద పడింది. రక్తహీనతను తగ్గించే పదార్థం కాలేయంలో ఏముందో వెతుకుతూ వెళ్లిన ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు, తానూ అదే జబ్బుతో చావు దాకా వెళ్లొచ్చాడు. చివరికి ఆ జబ్బుకూ మందైన పదార్థం మీదే పనిచేశాడు. తెలుగు పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఈయనకు ఒక పేరా కాదు, ఒక పాఠం ఉండాలి.

స్వాతంత్ర్యం వచ్చాక డెల్టా మళ్లీ మారింది. పాత ఆనకట్టకు గండి పడ్డాక కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో తెరుచుకుంది. అక్కుళ్లు, కృష్ణకాటుకలు లాంటి పొడుగు వరులు పోయి పొట్టి వంగడాలు వచ్చాయి. మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో స్వర్ణను, బాపట్ల 1986లో సాంబ మసూరిని ఇచ్చాయి. మధ్యలో 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. పది వేలకు పైగా ప్రాణాలు పోయాయి, చేలు ఉప్పుబారాయి, పాడి పశువులు ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. బతికినవాళ్లకు చాలాకాలం ప్రభుత్వం, దాతలు పంచిన బియ్యమే ఆధారమైంది.

1983లో ముఖ్యమంత్రి అయిన ఎన్.టి. రామారావు ఈ సీమ మనిషి. ఊరు నిమ్మకూరు, గుడివాడ నుంచి శాసనసభకు ఎన్నికయ్యాడు. కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టాడు. తెల్ల బియ్యం వల్లే షుగరు వచ్చిందని ఆ పథకాన్ని ఆడిపోసుకునేవాళ్లున్నారు. అది అన్యాయం. పొయ్యిలో పిల్లి లేవని ఇళ్లలో రెండు పూటలా అన్నం ఉడికిందంటే దాని పుణ్యమే. లోపం మరోచోట ఉంది. బియ్యం చవకగా చేరినంత సులువుగా పప్పు, గుడ్డు, పాలు, చేప ఇంటికి చేరలేదు. పిండిపదార్థంతో కడుపు నిండింది కానీ కండకు కావలసినది అందలేదు. దేశమంతటా చేసిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వేలో మనవాళ్ల తిండిలో కేలరీల్లో 62 శాతం పిండిపదార్థం నుంచే వస్తున్నట్టు తేలింది. దక్షిణాదిలో అందులో పెద్ద వాటా తెల్ల బియ్యానిది.

అదే కాలంలో ఒంటి పని చేలోంచి జారిపోయింది. దమ్ముకు ట్రాక్టరు వచ్చింది. కుప్పలను పశువులకు బదులు ట్రాక్టరు తొక్కింది. తరువాత కోత మిషను వచ్చి కోత, నూర్పు, తూర్పార ఒకే చేతి కింద గంటల్లో ముగించింది. దానితో డెల్టాకే ప్రత్యేకమైన ఒక అలవాటు దెబ్బతింది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, చేలో పదును ఉండగానే మినుములు చల్లేవారు. కోసిన మోళ్ల మధ్య మంచు పదునుతోనే మినుము మొలిచి, నీరు పెట్టకుండా పంట చేతికొచ్చేది. బరువైన మిషను చక్రాలు ఆ మొలకలను నలిపేస్తాయి. మినుము అంటే ఈ సీమలో సున్నుండ, గారె, ఇడ్లీ. బాలింతకు, ఎదిగే పిల్లకు కండ పట్టడానికి పెట్టే గింజ అదే.

కైకలూరు వైపు చేపల చెరువులు, నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువులు వరి చేలను మింగాయి. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక ఆ విస్తరణ ఇంకా ఊపందుకుంది. చేపలో, రొయ్యలో మేలైన మాంసకృత్తులున్నాయి. ఆ చేప మంచు పెట్టెల్లో కలకత్తాకు, రొయ్య ఓడల్లో విదేశాలకు పోతుంది. చెరువు గట్టు మీద కాపలా మనిషి రాత్రంతా కూర్చుని, పగలు నిద్రపోయి, అన్నం చారుతో రోజు గడుపుతాడు. కండ పెంచే తిండిని ఇంత పండించే సీమలో కండ తరిగిన మనుషులు ఇంతమంది ఉండడం బాధాకరం.

బందరు తొక్కుడు లడ్డునూ ఈ లెక్కలోనే చూడాలి. శనగపిండి పూసను నూనెలో వేయించి, రోట్లో వేసి పెద్ద రోకళ్లతో దంచి పొడి చేస్తారు. బెల్లం పాకం పోసి మళ్లీ దంచుతారు, నెయ్యి వేస్తూ ముద్ద పట్టులా జారేదాకా దంచుతూనే ఉంటారు. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి స్థిరపడ్డ బొందిలీలు ఈ విద్య తెచ్చారంటారు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దంచేవాడి భుజబలమే ఆ లడ్డు మెత్తదనం. పెళ్లికో పండక్కో చేసుకున్న రోజుల్లో ఒక లడ్డు వెనక ఒక పూట పని ఉండేది. ఇప్పుడది బస్టాండులో పెట్టెలో దొరుకుతుంది. లడ్డు చెడ్డది కాదు. తినేవాడి ఒంట్లో దాన్ని దాచుకునే చోటు తగ్గింది.

ఆ చోటే కండ. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చిన చక్కెరను ఇన్సులిన్ ఎక్కువగా కండరాల్లోకే పంపుతుంది. అక్కడది గ్లైకోజన్‌గా నిల్వ అవుతుంది. డెల్టా రైతు భాషలో చెప్పాలంటే కండ ఇంటి ముందరి పురి లాంటిది. పురి చిన్నదైనా, పాత ధాన్యం తియ్యకుండా నిండి ఉన్నా కొత్త ధాన్యం వసారాలో పోస్తారు. ఒంట్లో ఆ వసారా కాలేయం. పట్టనంత చక్కెర వచ్చిపడితే కాలేయం దాన్ని కొవ్వుగా మార్చి తనలోనే పేర్చుకుంటుంది.

ఇది ఊహ కాదు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్సన్, షుల్మన్ బృందం 2007లో సన్నగా ఉన్న యువకులను రెండు జట్లు చేసి పరీక్షించింది. ఒక జట్టుకు కండరాలు ఇన్సులిన్ మాట వింటాయి, మరో జట్టుకు వినవు. రెండు జట్లకూ పిండిపదార్థం ఎక్కువగా ఉన్న తిండే పెట్టారు. మాట వినని జట్టులో కండరాల్లో నిల్వ దాదాపు 60 శాతం తగ్గింది, కాలేయంలో కొత్త కొవ్వు తయారీ రెండింతలు దాటింది. తేడా కాలేయంలో కాదు, కండలో మొదలైంది. అదే బృందం 2011లో ఇలాంటి యువకుల చేత తిండికి ముందు 45 నిమిషాలు కసరత్తు చేయించింది. ఒక్క పూట కసరత్తుతోనే కండరాల్లో నిల్వ మూడింతలు దాటింది, కాలేయంలో కొవ్వు తయారీ తగ్గింది. అంతకు ముందే 2006లో వాళ్లు మరో సంగతి చెప్పారు. అంతే సన్నగా ఉన్న తెల్లజాతి మగవాళ్లతో పోలిస్తే భారతీయ సంతతి మగవాళ్ల కాలేయంలో కొవ్వు రెండింతలుంది.

మనకే ఎందుకిలా? పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్ దీనికి పుట్టుక నుంచే జవాబు వెతికారు. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలది 3.5 కిలోలు. మన బిడ్డల్లో కండ బాగా తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. 2004లో ఆయన, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫోటో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూపుకు ఇద్దరూ సన్నమే. అర్ధాకలితో ఊడ్పులు వేసిన తల్లుల కడుపున తరాలుగా పుట్టిన బిడ్డలకు కండ మొదటే తక్కువన్న మాట. మనవడి షుగరులో నాయనమ్మ పస్తులకూ వాటా ఉంది.

మధుమేహం వచ్చాక ఇదొక సుడిగుండం అవుతుంది. ఇన్సులిన్ పని తగ్గితే కండ కట్టడం తగ్గి, కరగడం పెరుగుతుంది. కొవ్వు పట్టిన కాలేయం తన వంతు చక్కెరను అదుపు లేకుండా రక్తంలోకి వదులుతుంది. ఒంట్లో చిన్నపాటి మంట నిత్యం రగులుతుంది, అది కండను ఇంకా తింటుంది. కండ తగ్గినకొద్దీ చక్కెర దాచే చోటు తగ్గి మళ్లీ కాలేయం మీదే భారం పడుతుంది. 2014లో కొరియా పరిశోధకులు కండ తక్కువగా ఉన్నవాళ్లలో ఫ్యాటీ లివర్ ఎక్కువగా ఉన్నట్టు చూపించారు. జబ్బు ముదిరి కాలేయం గట్టిపడితే ఇంకో కష్టం. రక్తంలోని అమ్మోనియాను కాలేయం శుభ్రం చేయలేనప్పుడు కొంత పని కండే చేస్తుంది. ఆ కండా లేకపోతే విషం మెదడుకు చేరుతుంది.

డెల్టా పల్లెలు ఈ జబ్బుకు దూరమన్న భ్రమ ఇరవై ఏళ్ల కిందటే తొలగింది. పక్కనున్న ఉభయ గోదావరి జిల్లాల పల్లెల్లో జరిగిన ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ సర్వే ఫలితాలు 2006లో వచ్చాయి. ముప్పై దాటినవాళ్లలో నూటికి 13 మందికి మధుమేహం ఉంది. అవి కాలువ కింద వరి పండే పల్లెలే, మన పల్లెల్లాంటివే. 2023 నాటికి దేశంలో మధుమేహులు పది కోట్లు దాటారు. 2021లో కేంద్ర ప్రభుత్వం ఫ్యాటీ లివర్‌ను కూడా షుగరు, బీపీ, క్యాన్సర్ల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. కండ గురించి మాత్రం మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఎవరూ అడగడం లేదు.

కండ తరగడానికి వైద్యులు పెట్టిన పేరు సార్కోపీనియా. 1980ల చివర అమెరికన్ వైద్యుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ ఆ పేరు పెట్టాడు. దాన్ని పట్టుకోవడానికి లక్షల మిషను అక్కర్లేదు. ఆసియా నిపుణుల బృందం 2019లో చెప్పిన పరీక్ష ఇది. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పట్టిందంటే కాళ్ల సత్తువ తగ్గినట్టు. పిక్క చుట్టుకొలత మగవాళ్లకు 34, ఆడవాళ్లకు 33 సెంటీమీటర్లకన్నా తక్కువైతే అదీ హెచ్చరికే. ఒక కుర్చీ, ఒక గడియారం, దర్జీ టేపు చాలు.

షుగరున్న మనిషికి మన దగ్గర దొరికే సలహా ఒకటే: అన్నం తగ్గించు, నడువు. తప్పేమీ లేదు, కానీ సగమే. అన్నం తగ్గించి ఆ చోట పప్పు, గుడ్డు, చేప, మజ్జిగ పెంచకపోతే బరువుతోపాటు కండ కూడా పోతుంది. తూకం తగ్గిందని సంతోషిస్తారు, తగ్గింది ఏమిటో చూడరు. మందులతో, కఠిన పథ్యాలతో వేగంగా చిక్కినప్పుడు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. నడకకు తోడు వారానికి రెండు మూడు రోజులైనా కాళ్లకూ భుజాలకూ బరువు పని ఉండాలి. గుంజీలు తీయవచ్చు, బిందె ఎత్తవచ్చు, మెట్లెక్కవచ్చు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు మాంసకృత్తులు పెంచే ముందు డాక్టరును అడగాలి. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లు కసరత్తు మొదలుపెట్టే ముందు చక్కెర పడిపోకుండా మోతాదు గురించి మాట్లాడుకోవాలి.

రోకలి పోటు మళ్లీ ఆడవాళ్ల నెత్తిన పెట్టమని, కోత మిషన్లు ఆపమని ఎవరూ అడగడం లేదు. అడగవలసినవి చిన్నవే. రేషన్ కార్డు మీద బియ్యంతోపాటు డెల్టాలో పండే మినుము, పెసర నెలనెలా అందాలి. కొల్లేటి గట్టు చేప బడిపిల్లల పళ్లెంలోకి రావాలి. బందరు, గుడివాడ, అవనిగడ్డ ఆస్పత్రుల్లో షుగరు చీటీ మీద రక్త పరీక్ష పక్కన కుర్చీ పరీక్షకూ ఒక గడి పెట్టాలి. ఈ వ్యాసం చదువుతున్న మీ ఇంట్లో షుగరున్న పెద్దవాళ్లుంటే ప్రభుత్వం కోసం ఆగకండి. ఇవాళే వాళ్ల పక్కన నిలబడి ఆ అయిదుసార్లు లేచి కూర్చోమనండి. ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుని, ఈసారి డాక్టరు దగ్గరికి స్కానింగు కాగితంతోపాటు ఆ అంకె కూడా పట్టుకెళ్లండి.